ఒకే జీడిమామిడి రకం రెండు చోట్ల రెండు తీరుల్లో ఎందుకు కాస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒకే నర్సరీ నుంచి, ఒకే ఏడాది బీపీపీ-8 అంటు మొక్కలు తెచ్చి రెండు చోట్ల నాటారు. ఒకటి సముద్రానికి దగ్గరలో ఎర్ర ఇసుక నేల. రెండోది బాగా లోపలికి, కొండల మధ్య పల్లపు భూమి. రెండు చోట్లా దూరం 7 మీటర్లు, చెట్ల వయసు 8 ఏళ్లు. మొదటి తోటలో చెట్టుకు 10, 12 కిలోల గింజ వస్తోంది, రెండో తోటలో 4 కిలోలు దాటడం లేదు. "రకం తేడానా, నేల తేడానా? వెంగుర్ల-7 చెట్టుకు 18 కిలోలు కాస్తుందట, వీటిని తీసేసి అది వేయనా?" అని అడిగారు.

తీసేయకండి. కనీసం ఇంకో పూతకాలం పూర్తయ్యేదాకా ఆగండి. ఆ పూతను దగ్గరుండి చూస్తేనే జవాబు తేలుతుంది, అదెలా చూడాలో కిందే రాస్తాను.

చెట్టు ఎంతవరకు కాయగలదో రకం నిర్ణయిస్తుంది. అందులో ఎంత మన చేతికొస్తుందో మాత్రం చిగురు కొసన పూత కనిపించిన రోజు నుంచి గింజ గట్టిపడే రోజు వరకు ఉండే రెండున్నర, మూడు నెలల వాతావరణం తేలుస్తుంది. జీడిమామిడిలో మిగతా ఏడాదంతా ఎంత బాగా గడిచినా ఆ కొద్ది వారాలు చెడితే పంట పోయినట్టే. పైగా ఆ వారాలు క్యాలెండర్‌లో ఎక్కడ పడతాయన్నది రకాన్ని బట్టి మారుతుంది, అదే రకానికి చోటును బట్టి కూడా మారుతుంది. అందుకని "ఏ రకం ఎక్కువ కాస్తుంది?" అని అడగడం కన్నా "ఈ రకం నా పొలంలో ఎప్పుడు పూస్తుంది, అప్పుడు అక్కడ వాతావరణం ఎలా ఉంటుంది?" అని అడగడం మేలు.

ముందు ఆ 18 కిలోల సంగతి. రకాల పట్టికల్లో వెంగుర్ల-7కు చెట్టుకు 18.5 కిలోలు, వెంగుర్ల-4కు 17 పైచిలుకు, బీపీపీ-8కు 14, వీఆర్ఐ-3కి 11, 12 కిలోలు అని ఉంటుంది. ఈ అంకెలు అబద్ధాలేమీ కావు, కానీ అన్నిటినీ ఒకే పొలంలో పక్కపక్కన నాటి తూచినవీ కావు. వెంగుర్ల మహారాష్ట్ర కొంకణ తీరంలో ఉంది. అక్కడ నైరుతి వాన కుండపోతగా కురిసి, పూత సమయానికి ఆకాశం తేటపడుతుంది. బీపీపీ రకాలు పుట్టిన బాపట్ల తూర్పు తీరంలో ఉంది, అక్కడ అక్టోబరు, నవంబరు వానలు పోయాకగాని చెట్టు పూత ఊసెత్తదు. వీఆర్ఐ రకాలు పుట్టిన తమిళనాడులోని వృద్ధాచలానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. ఏ కేంద్రమైనా తన దగ్గరున్న వందల చెట్లలో మేలైనదాన్ని ఎంచిందంటే తన వాన, తన నేల, తన పురుగుల మధ్య మేలుగా నిలబడినదాన్ని ఎంచిందన్నమాట. అదీ వేళకు ఎరువేసి, మందు కొట్టి, కలుపు తీసి, కొన్నేళ్లపాటు తూచి తీసిన సగటు. పట్టికలో 18, 14 అని పక్కపక్కన కనిపిస్తే 4 కిలోల తేడా రకానిదేనని అనుకుంటాం. అందులో వానది ఎంత, వయసుది ఎంత, చెట్ల మధ్య దూరానిది ఎంత అన్నది ఆ గడిలో కనపడదు.

ఇప్పుడు ఆ కిలోలు ఎలా తయారవుతాయో విడదీసి చూద్దాం. జీడిమామిడి కాసేది కొమ్మల గొడుగు పైపొర మీదే, ఎండ తగిలే కొసల్లోనే. కొమ్మల వ్యాసం 5 మీటర్లున్న చెట్టును అర్ధగోళం అనుకుంటే కాసే ఉపరితలం సుమారు 39 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 15 పూగుత్తులుంటే మొత్తం 590. గుత్తికి మూడు గింజలు నిలిస్తే 1,770. గింజ బరువు 7 గ్రాములైతే 12 కిలోల పైమాటే. ఇదే చెట్టులో గుత్తికి మూడు బదులు ఒక్కటే నిలిచిందనుకోండి, 4 కిలోల దగ్గర ఆగిపోతుంది. అదే రకం, అంతే పెద్ద చెట్టు, అంతే పూత. మీ రెండు తోటల అంకెలూ దాదాపు ఇవే కావడం నాకు ఆశ్చర్యమనిపించలేదు.

ఈ నాలుగింటిలో ఒక్కోదాని మీద ఒక్కో అంశం ప్రభావం చూపుతుంది. చెట్టు ఎంత విస్తరిస్తుందన్నది నేల లోతు, తేమ తేలుస్తాయి. ఎన్ని కొమ్మలు పూతకొస్తాయన్నది ఎండ, పోషణ, చిగురేసిన సమయం. గుత్తికి ఎన్ని గింజలు నిలుస్తాయన్నది పూతకాలపు వాతావరణం, పురుగు, తెగులు, తేనెటీగల్లాంటి కీటకాల రాకపోకలు. గింజ బరువులో రకానిదే పెద్ద వాటా, ఆ తర్వాత పిందె కట్టాక నేలలో మిగిలిన తేమది. చెట్టుకు ఇన్ని కిలోలు అని ఒకే అంకె చూసుకుంటే దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు. ఈ నాలుగింటినీ విడివిడిగా చూస్తే వెంటనే తెలుస్తుంది.

మీరు రాసిన వివరాల్లో ఒక మాట నన్ను ఆపింది: రెండో తోట చెట్లు "మొదటి తోటకన్నా గుబురుగా, పచ్చగా ఉన్నాయి" అన్నారు. అంటే అక్కడ నేలకు బలం తక్కువ కాదు. చెట్టు పెరుగుతోంది, కాయడం లేదు. నేల పరీక్షకు పరిగెత్తే ముందు పూగుత్తిని చూడాలి.

ఒక గుత్తిని చేతిలోకి తీసుకోండి. అందులో కొన్ని వందల పూలుంటాయి, చాలావరకు మగపూలే. మగపువ్వులో ఒకే ఒక కేసరం పొడవుగా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. గింజ కట్టగలిగేది ద్విలింగ పువ్వు. అది కొంచెం పెద్దది, మధ్యలో ఆడ భాగమైన కీలం స్పష్టంగా నిలబడి ఉంటుంది. విచ్చినప్పుడు తెల్లగా ఉండి, తర్వాత గులాబీ రంగుకు తిరుగుతుంది. గుత్తిలో ముందు కొన్నాళ్లు మగపూలే విచ్చుతాయి, తర్వాత రెండూ కలిసి, చివర్లో మళ్లీ మగపూలే. ఆ మధ్య దశే మన పంట. ఆ రోజుల్లో మబ్బు పట్టినా, వాన జల్లు పడినా, మందు కొట్టి తేనెటీగల్ని తరిమేసినా ఆ గుత్తి మళ్లీ పంట ఇవ్వదు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగిరి పోయేది కాదు, కీటకాలు మోయాల్సిందే. ద్విలింగ పూల శాతం రకానికో తీరుగా ఉంటుంది, అదే రకంలో ఏడాదికేడాదికి, చోటుకు చోటుకు కూడా మారుతుంది. వాటిలోనూ పిందె కట్టి చివరిదాకా నిలిచేవి కొద్దే.

పిందె కట్టాక ముందు పెరిగేది గింజ. నెల రోజులు తిరిగేసరికి ఆకుపచ్చ గింజ పూర్తి సైజుకొచ్చి, ఆ తర్వాత పెంకు గట్టిపడుతుంది. అప్పుడు దాని తొడిమ ఉబ్బి పండవుతుంది. పండు ఉబ్బే సమయానికి గింజ కథ చాలావరకు ముగిసిపోయి ఉంటుంది. అంటే చెట్టుకు నీటి కొరత బాధించేది పండ్లు ఎర్రబడే రోజుల్లో కాదు, అంతకు ముందు, బఠాణీ గింజంత పిందెలు ఉన్నప్పుడు. చాలామంది పండ్లు కనబడ్డాక నీళ్లు పెడతారు, అప్పటికే ఆలస్యం.

పూతను మొదలుపెట్టేది ఏమిటి? వాన ఆగడం, నేల ఆరడం. కనీసం నాలుగు నెలలు పొడిగా ఉండే చోటే ఈ చెట్టు సొంత చోటు. ఈశాన్య బ్రెజిల్‌లో పుట్టిన మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో తీరం దాటింది, ఇవాళ్టికీ ఆ పొడి కాలం కోసమే కాచుకుని ఉంటుంది. వాన మొత్తం 600 మిల్లీమీటర్లైనా 3,000 అయినా బతుకుతుంది, కానీ ఆ వాన ఐదారు నెలల్లో పడి ఆగిపోవాలి. 1,000 మిల్లీమీటర్లే పడినా అది ఏడాదంతా పరుచుకుంటే చెట్టు చిగురు మీద చిగురు వేస్తూ పోతుంది, పూత చెదిరిపోతుంది. సగటు ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయి. పూత, పిందె మీద ఉన్నప్పుడు పగటి వేడి 36, 37 దాటి రోజుల తరబడి నిలిస్తే, అందులోనూ పొడి వడగాలి తోడైతే పిందె రాలిపోతుంది.

ఇప్పుడు మీ పల్లపు తోట. కొండల నడుమ పల్లం అంటే రాత్రి చల్లగాలి కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. తెల్లవారుజామున ఆకుల మీద మంచు చాలాసేపు ఆరదు. వాలు మీద నుంచి ఊట తేమ రావడంతో నేల ఆలస్యంగా ఆరుతుంది. వాన ఆగిన రోజు రెండు తోటలకూ ఒకటే అయినా, మీ చెట్టుకు "వాన ఆగింది" అని తెలిసే రోజు మాత్రం ఒకటి కాదు. చిగురు మూడు, నాలుగు వారాలు వెనకబడుతుంది. వెనకబడ్డ పూతకు రెండు గండాలు: ముందువైపు మంచు, చలి, దాంతోపాటు వచ్చే టీ దోమ, తెగుళ్లు. వెనకవైపు ఎండాకాలం వేడి. మధ్యలో దొరికే మంచి వారాలు తగ్గిపోతాయి.

ఇది నా అనుమానం మాత్రమే, మీరు చూస్తేగాని ఖాయం చేయలేం. ఎందుకంటే ముందు గండం కొడుతోందా, వెనక గండం కొడుతోందా అన్నదాన్ని బట్టి నా సలహా పూర్తిగా తలకిందులవుతుంది.

పూగుత్తి కొమ్మలు పిందె కట్టకముందే గోధుమరంగు మచ్చలతో నల్లబడి, కాలినట్టు ఎండిపోతున్నాయనుకోండి. అది టీ దోమ పని కావచ్చు, దాని వెనకే చేరిన పూగుత్తి ఎండు తెగులు కావచ్చు. టీ దోమ అంటే కుట్టే దోమ కాదు, లేత చిగురు, పూకాడ, లేత పిందె రసం పీల్చే నల్లి. అది పీల్చినచోట నీటి మచ్చలా మొదలై, బంక కారి, నల్లగా మాడుతుంది. చల్లటి రాత్రులు, లేత చిగురు రెండూ కలిసినచోట తామరతంపరగా పెరుగుతుంది. నీడ ఎక్కువున్న తోటల్లో ఇంకా ఎక్కువ. ఇదే అయితే మీ రకంలో తప్పేమీ లేదు, చిగురు దశలో, పూత దశలో, పిందె దశలో ఒక్కోసారి రక్షణ ఇస్తే దిగుబడి లేచి కూర్చుంటుంది. పూతలో కొట్టేది సాయంత్రం పూట కొట్టండి, పగలు తేనెటీగల పని చెడగొట్టకూడదు. తోటలో గూళ్లు అల్లే ఎర్ర చీమలుంటే వాటిని తగలబెట్టకండి. కోతప్పుడు కుడతాయి, నిజమే, కానీ టీ దోమకు వాటికన్నా పెద్ద శత్రువు లేదు.

అలా కాకుండా గుత్తులు శుభ్రంగానే ఉండి, పిందెలు కూడా కట్టి, బఠాణీ సైజులో ముడుచుకుపోయి రాలుతున్నాయనుకోండి. అప్పుడు ఆ రాలడం ఏ తేదీన మొదలైందో, ఆ వారం పగటి వేడి ఎంతో రాసి పెట్టుకోండి. రెండూ కలిస్తే పూత ఆలస్యమే దోషం. దానికి మందు డబ్బా కాదు, ముందుగా పూసే రకం కావాలి, లేదా పిందె దశలో నీరు కావాలి.

ముందుగా పూయడం, ఆలస్యంగా పూయడం అన్న తేడా ఎంత పెద్దదో చూడాలంటే కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం మాడక్కతర కేంద్రం ఇచ్చిన రెండు రకాలు చాలు. మాడక్కతర-1 తొందరగా పూస్తుంది, మాడక్కతర-2 ఆలస్యంగా. రెండూ ఒకే కేంద్రం నుంచే వచ్చాయి. పడమటి తీరంలో మే చివర, జూన్ మొదట్లో వానలు మొదలవుతాయి కాబట్టి ఆలస్యంగా కాసినదాని చివరి గింజలు వానలో తడిసి రంగు మారి, మొలకెత్తి కూడా పోతాయి. అందుకే అక్కడ తొందర రకాలకు విలువ. అదే తొందర రకాన్ని డిసెంబరు దాకా వాన కురిసే చోట నాటితే పూత సరిగ్గా వానలో చిక్కుతుంది. మంచి రకం, చెడ్డ రకం అన్న మాటే ఇక్కడ చెల్లదు. కర్ణాటకలోని పుత్తూరులో ఉన్న జీడిమామిడి పరిశోధన డైరెక్టరేట్ ఇచ్చిన భాస్కర రకం టీ దోమ ఉధృతి తక్కువగా, ఓ మోస్తరుగా ఉన్నచోట చాలావరకు తప్పించుకుంటుంది. అది కోస్తా కర్ణాటక కోసం ఇచ్చిన రకం. ఉధృతి మరీ ఎక్కువైతే అదీ లొంగుతుంది.

బయటి దేశాల అనుభవం కూడా ఇదే చెబుతుంది. టాంజానియాలో జీడిమామిడి పూసేది జూన్ నుంచి సెప్టెంబరు మధ్య, అక్కడ అది చల్లని పొడి కాలం. 1970ల మొదట్లో ఆ దేశం ఏటా లక్షా 40 వేల టన్నులకు పైగా పండించే స్థాయికి చేరింది, 1980ల చివరికి 20 వేల టన్నులలోపుకు జారిపోయింది. గిట్టని ధరలు, జనాన్ని కొత్త ఊళ్లకు తరలించడంతో తోటలు పాడుబడటం వంటివి పెద్ద కారణాలే. తోటలో మాత్రం దెబ్బ కొట్టింది బూడిద తెగులు. లేత పూగుత్తి మీద తెల్లటి పొడిలా పరుచుకుంటే పువ్వు విచ్చుకోదు, పిందె కట్టదు. దీనికి వాన అక్కర్లేదు, చల్లదనం, గాలిలో తేమ చాలు. గంధకం పొడి చల్లడం, తెగులును తట్టుకునే క్లోన్లు (ఒకే తల్లి చెట్టు నుంచి అంటుకట్టి పెంచినవి) నాటడం, చెట్టు లోపలి నీడలో మొలిచే పిలకల్ని తీసేయడం, ఈ మూడింటితో ఆ దేశంలోని నలియెండెలె కేంద్రం పరిశోధకులు ఆ తోటల్ని మళ్లీ నిలబెట్టారు. ఆ మూడోది అందరూ వదిలేస్తారు. పూత లేని కాలంలో తెగులు దాక్కునేది ఆ పిలకల మీదే.

బ్రెజిల్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ 1983లో విడుదలైన పొట్టి రకం సీసీపీ-76 తీరప్రాంతంలో పెద్ద పేరు తెచ్చుకుంది. పొట్టిది, తొందరగా కాపుకొచ్చేది, పండు కూడా బాగుంటుంది. అదే క్లోన్‌ను పియావి రాష్ట్రంలో లోపలి ఎత్తైన, పొడి ప్రాంతానికి తీసుకెళ్తే కాండం మీద బంక కారే తెగులు పట్టుకుంది. బెరడు పగిలి, బంక కారి, కొమ్మలు చచ్చాయి. ఆ ప్రాంతానికి చివరికి బీఆర్ఎస్-226 అనే వేరే క్లోన్ ఆ తెగులును తట్టుకుంటుందని ఎంపిక చేశారు. తీరంలో మొదటి ర్యాంకు వచ్చింది లోపలికి వెళ్తే చివరి వరుసకు పోయింది. మీరు అనుకుంటున్న వెంగుర్ల-7 ప్రయోగంలో ఉన్న ప్రమాదం సరిగ్గా ఇదే.

వియత్నాంలో 2017 పంట కూడా గుర్తుంచుకోదగ్గదే. పూతకాలంలో అకాల వానలు పడ్డాయి, బిన్ ఫువోక్ రాష్ట్రంలో తోటలు పచ్చగానే ఉండి గింజ లేకుండా పోయాయి. అక్కడ నేలలూ బలమైనవే, రైతులూ ఆరితేరినవాళ్లే.

ఇక నేల. జీడిమామిడి ఎక్కడైనా పెరుగుతుందన్న మాట సగమే నిజం. ఎక్కడైనా బతుకుతుంది, ఎక్కడైనా కాయదు. దానికి కావాల్సింది లోతు, గాలి ఆడటం. ఇసుక, ఎర్ర గరప, లాటరైట్, ఏదైనా సరే, మీటరున్నర లోతుదాకా వేరుకు అడ్డం లేకుంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో కింది తేమ అందుకుని గింజ నింపుతుంది. అర మీటరు కింద గట్టి పొర ఉంటే చెట్టు ఐదారేళ్లు బాగానే కాసి, ఆ తర్వాత చెట్టు పెరిగేకొద్దీ కాపు తగ్గుతుంది. చాలామంది దాన్ని "రకం పాతబడింది" అనుకుంటారు. నీరు నిలిచే నల్లరేగడి, చౌడు నేలలు దీనికి పనికిరావు, ఏ రకం వేసినా అంతే. ఉదజని సూచిక (పీహెచ్) 4.5 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటుంది. మీ పల్లంలో వానాకాలం ఒక గొయ్యి తవ్వి చూడండి. మీటరు లోతులోపే నీరు ఊరి వారం దాటినా దిగకపోతే, పూత ఆలస్యానికి కారణం అక్కడే దొరికినట్టు. మురుగు కాలువ తీయడమే అప్పుడు మొదటి మందు.

గింజ సైజు విషయంలో నా అభిప్రాయం ఒకటి ఉంది, అందరూ ఒప్పుకోరు. వెంగుర్ల-7 గింజ 10 గ్రాములు, బీపీపీ-8ది 8 పైన, పాత బీపీపీ-1ది 5 గ్రాములు. పెద్ద గింజకు ధర వస్తుంది, అందుకే అందరూ పెద్దదే అడుగుతారు. కానీ ప్రతి పెద్ద గింజను నింపడానికి చెట్టుకు ఎక్కువ సరుకు కావాలి. తేమ ముందే అయిపోయే తేలిక నేలల్లో పెద్ద గింజ రకం కొన్ని గింజల్ని రాల్చేస్తుంది, మిగిలినవాటిలో కొన్నిటికి పప్పు సన్నబడుతుంది. గుత్తులుగా చిన్న గింజలు కాసే రకాలు అలాంటి ఏడాది సంఖ్యతో సర్దుకుంటాయి. లోతు నేల, పిందె దశలో నీటి వసతి ఉన్నవాళ్లు పెద్ద గింజకు వెళ్లవచ్చు. అవి లేనివాళ్లకు 7 గ్రాముల దగ్గర ఆగడం క్షేమం. గింజల బరువుతో పాటు వంద గ్రాముల గింజను కొడితే ఎంత పప్పు వచ్చిందో కూడా తూచండి. 30 గ్రాముల దగ్గర రావాల్సింది 25కు పడిపోతే అది నేల తేమ లోపమో, పచ్చిగా కోయడమో అయి ఉంటుంది.

దూరం సంగతి. 7 మీటర్ల దూరం అంటే హెక్టారుకు 204 చెట్లు. ఇసుక నేలలో 8 ఏళ్ల చెట్లకు ఇది చక్కగా సరిపోతుంది. పల్లంలో గుబురుగా పెరిగిన చెట్లకు ఈపాటికి కొమ్మలు కలిసిపోయి ఉంటాయి. కలిస్తే పక్కలు చీకటవుతాయి, కాపు నెత్తికి ఎక్కుతుంది. పైన వేసిన లెక్కలో 39 చదరపు మీటర్లు సగమైపోతాయి. పైగా లోపల గాలి ఆడక మంచు ఆరదు, తెగులుకు అదే కావాలి. అదే రకం, అదే దూరం, రెండు నేలల్లో రెండు ఫలితాలకు ఇదొక్కటే చాలు. సారమున్న నేలలో 8 మీటర్లు ఇవ్వాలి, లేదా ఏటా కత్తెర పట్టాలి. కత్తిరింపు కోత అయిన వెంటనే, వానల మొదట్లో ముగించండి. వానల చివర కత్తిరిస్తే కొత్త చిగురు పక్వం కాక పూత మరింత వెనక్కి పోతుంది. (అడ్డం లేకపోతే ఈ చెట్టు ఎంత పాకుతుందో చూడాలంటే బ్రెజిల్‌లో నాటాల్ దగ్గరి పిరాంజి చెట్టు ఉంది. కొమ్మలు నేలకు ఆనినచోటల్లా వేళ్లూని, ఒకే చెట్టు 8 వేల చదరపు మీటర్లు ఆక్రమించింది.)

ఎరువు, నీరు కూడా చోటును బట్టే. కాపుకొచ్చిన చెట్టుకు ఏటా 500 గ్రాముల నత్రజని, 125 గ్రాముల చొప్పున భాస్వరం, పొటాష్ అన్నది తరచూ వినే మోతాదు. ఇసుక నేలలో దాన్ని రెండు దఫాలుగా ఇవ్వాలి, లేకపోతే వానకు కొట్టుకుపోతుంది. మీ పల్లంలో ఆకు ముదురాకుపచ్చగా మెరుస్తుంటే నత్రజని సగానికి తగ్గించి చూడండి, వానల చివర మాత్రం అసలే వేయకండి. నీటి విషయంలో ఒక్క నియమం: పూగుత్తి పూర్తిగా బయటికి రాకముందు నీరు పెట్టకండి, చెట్టు మళ్లీ చిగురుకు తిరుగుతుంది. పూత వచ్చాక, పిందె పడ్డాక 15 రోజులకొకసారి చెట్టుకు 200 లీటర్లు అందితే గింజలు నిలుస్తాయి. ఆ నీరు మీ ఇసుక తోటకే ఎక్కువ లాభం, పల్లపు తోటకు బహుశా అక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం, అంటు మొక్క అంటే పైభాగమే క్లోన్. కింది వేరు గింజ మొలకది, ఏ రెండూ ఒకటి కావు. అందుకే ఒకే తోటలో పక్కపక్క చెట్లే 6, 14 కిలోలు కాయడం మామూలు. రెండు మూడు చెట్లు తూచి రకం మీద తీర్పు ఇవ్వకండి, కనీసం పది చెట్లు ఉండాలి. ఒక ఏడాది బాగా కాస్తే మరుసటేడు తగ్గడం కూడా ఉంటుంది, కాబట్టి మూడు కోతలు చూడండి.

సరే, ఈ సీజన్‌లో మీరు చేయాల్సింది. రెండు తోటల్లోనూ పదేసి చెట్లకు రంగు గుర్తు పెట్టండి. ప్రతి చెట్టుకూ నాలుగు వైపులా మీటరు చదరం కర్ర చట్రం ఆనించి, అందులో పూగుత్తులెన్ని, వాటిలో నల్లబడినవెన్ని లెక్కపెట్టండి. మొదటి పువ్వు విచ్చిన తేదీ, సగం గుత్తులు విచ్చిన తేదీ, పిందె బఠాణీ సైజుకొచ్చిన తేదీ రాయండి. కోతకు ముందు గుత్తికి ఎన్ని గింజలు నిలిచాయో చూసి, కోశాక వంద గింజలు ఆరబెట్టి తూచండి. నీడలో వేలాడదీసిన ఉష్ణమాపకం ఒకటి చాలు, ఉదయం కనిష్ఠం, మధ్యాహ్నం గరిష్ఠం రాసుకోండి. ఈ కాగితం చేతిలో ఉంటే పైన చెప్పిన రెండు గండాల్లో ఏదన్నది దానంతటదే బయటపడుతుంది.

ఆ తర్వాత కూడా రకం మార్చాలనే తేలితే తోటంతా ఒకేసారి మార్చకండి. పల్లంలో ఒక వరుస ముందు పూసే రకం, ఒక వరుస భాస్కర, ఒక వరుస మీరు ముచ్చటపడ్డ వెంగుర్ల-7, మధ్యలో పాత బీపీపీ-8 వరుసలు అలాగే ఉంచి, పల్లం పైఅంచున ఒకసారి, అడుగున ఒకసారి ఇదే క్రమం నాటండి. పైన, కింద కూడా తేడా ఎంతో తెలుస్తుంది. రకాలు కలిసి ఉంటే పరపరాగ సంపర్కానికీ మంచిదే, కోతలో మాత్రం గింజ విడివిడిగా పోగేయాలి. పాత చెట్లను మొండెం దాకా కోసి కొత్త చిగుళ్లకు అంటు కట్టే పద్ధతి తొందరగా కాపుకొస్తుందని ఎవరైనా చెబుతారు. కాపు తొందరగా వచ్చే మాట నిజమే, కానీ కోసిన మొండేల వాసనకు కాండం తొలిచే పురుగు వచ్చి చాలా చెట్లు చనిపోతాయి. మొదలు దగ్గర రంపపు పొట్టు, బంక కనబడుతుందేమోనని వారం వారం వంగి చూసే మనిషి మీ దగ్గర లేకపోతే ఆ పని పెట్టుకోకండి, ఖాళీల్లో కొత్త అంట్లు నాటుకోండి.